రాత్రి కూడా లొంగని నిప్పు

సంక్రాంతి దాటిందంటే నల్లమలలో బీటు ఆఫీసరుకు ఫైర్ లైన్ల పనే. బాటల పక్కన, బీటు హద్దుల వెంట గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మంచు తడి ఆరకముందే మేమే కాల్చేస్తాం. వేసవిలో అటునుంచి వచ్చే నిప్పుకు ఇటు తినడానికేమీ మిగలకూడదు.

అడవి తగలబడిందనగానే జనానికి టీవీలో చూసిన కాలిఫోర్నియా మంటలు గుర్తొస్తాయి. మా నిప్పు అట్లా చెట్ల కొసల మీద పరిగెత్తదు. మాది ఆకురాల్చే అడవి. మార్చికల్లా టేకు, నల్లమద్ది, చిరుమాను దులిపిన ఆకు నేలంతా పరుచుకుంటుంది, నిప్పు దాని మీద పాకుతుంది. పెద్ద చెట్లు చాలావరకు బతుకుతాయి. పోయేవి మోకాలెత్తు మొలకలు, నేలమీద పెట్టిన పిట్టల గుడ్లు, తాబేళ్లు. ఫోటోలో పెద్దగా కనపడదు గనక ఎవరికీ పట్టదు.

ఆర్పడానికి నీళ్లెక్కడివి? సాసర్ పిట్లలో మేం పోసేవి జంతువులకే చాలవు. పచ్చి కొమ్మలు విరిచి కొట్టాలి, బ్లోయర్‌తో ఎండాకు ఊదెయ్యాలి, తప్పనప్పుడు ఎదురు నిప్పు పెట్టాలి. అదెక్కడ పెట్టాలో మా చెంచు వాచర్లకు తెలిసినంత నాకు తెలియదు. ‘ఇక్కడొద్దు సారూ, ఆ వంక దాటినాక’ అంటే సరేనంటాను.

ఇప్పుడు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల్లో మంట చూసి ఫోనుకు మెసేజ్ పంపుతుంది. మంచి ఏర్పాటే. కాకపోతే అందులో చుక్క అంటే మెరుగైన ఉపగ్రహంలోనైనా 375 మీటర్ల గడి, పైగా లోయలో నా ఫోనుకు సిగ్నలుండదు. గుట్టమీద పొగ చూసి వాకీటాకీలో అరిచే మనిషే చాలాసార్లు ముందు.

పిడుగుకు అంటుకున్న నిప్పు నేనైతే చూడలేదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద కాల్చిన ఆకు, కొత్త గడ్డికోసం కాపర్లు పెట్టింది, ఆర్పని బీడీ, ఇవే కారణాలు. ఉగాదికి కర్ణాటక నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచిపోయే మల్లన్న భక్తులు మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుంటారు. తిట్టి లాభం లేదు, వెనకే పోయి పొయ్యిలు ఆర్పుకోవాలి.

ఇవన్నీ పాత సంగతులే. మారింది రాత్రి. నేను చేరిన కొత్తలో తెల్లవారుజాము చల్లదనానికి నిప్పు మెత్తబడేది, ఆ వేళకు లేచి కొడితే లొంగేది. ఇప్పుడు ఏప్రిల్లో అర్ధరాత్రి కూడా రాళ్లు వేడిగానే ఉంటున్నాయి. వానలు దంచిన ఏడు గడ్డి విపరీతంగా పెరుగుతుంది. ఆపై నెలల తరబడి చినుకు పడకపోతే అదంతా ఎండి కూర్చుంటుంది. ఎక్కువ వానే ఎక్కువ నిప్పు తెస్తుందంటే ఊళ్లో నవ్వుతారు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలివాన 50 వేల దాకా చెట్లను కూల్చినప్పుడు అందరూ గాలి గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ కలప ఎండాక వచ్చే మార్చి గుర్తొచ్చింది.

మంట ఆరాక కూడా తొర్రపడిన మొద్దు లోపల రోజుల తరబడి రగులుతుంది. వాలు మీద విరిగి దొర్లిందా, ఫైర్ లైను అవతలే తేలుతుంది. ఇదివరకు ఒక రాత్రి కాపలా సరిపోయేది. ఇప్పుడు ఇద్దరిని మూడు రాత్రులు ఉంచుతున్నాం. వాళ్ల కూలీ ఏ పద్దు కింద రాయాలో మాత్రం పైవాళ్లు ఇంకా తేల్చలేదు.