గుడ్డలో కట్టిన కానుక

తమిళనాడు పొలిమేరనున్న కుప్పం వైపు పెళ్లికి పోతే, భోజనం చేసి బయల్దేరేటప్పుడు చేతికి తాంబూలం సంచి ఇస్తారు. లోపల టెంకాయ, ఆకూవక్కా. పైన పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు. టెంకాయ రెండ్రోజుల్లో పచ్చడైపోతుంది. సంచి మాత్రం కూరగాయలకూ, రేషన్ బియ్యానికీ పనికొస్తూ, ఆ పేర్లు చెరిగిపోయేదాకా ఇంట్లో తిరుగుతుంది. ఇచ్చినవాళ్లు అన్నాళ్లూ గుర్తుంటారు.

అదే పెళ్లికి మనం తీసుకుపోయే కానుక సంగతి వేరు. మెరిసే కాగితం చుట్టి, టేపు అంటించి ఇస్తాం. మర్నాటికి ఆ కాగితం చెత్తలో ఉంటుంది. మెరుపు కోసం ప్లాస్టిక్ పొర అతికిస్తే అది పాత కాగితాల్లోకీ పనికిరాదు. మిఠాయి పెట్టెలకూ, శుభలేఖలకూ చుట్టే ప్లాస్టిక్ పొరను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కానుకల మీది మెరుపు మానడానికి మనకు చట్టం అక్కర్లేదు. బీరువా తెరిస్తే చాలు.

అందులో పేరంటాల్లో వచ్చిన రవికె గుడ్డలు దొంతరగా ఉంటాయి. 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పొడవు, దాదాపు అంతే వెడల్పు. జపాన్‌వాళ్లు కానుకలు చుట్టే ఫురోషికి కూడా ఇలాంటి చదరపు గుడ్డే. చెత్త తగ్గాలంటే దాన్ని మళ్లీ వాడమని 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కొయికె ప్రజలను కోరారు. కట్టడం తేలిక. గుడ్డ పరిచి, దాని మూలల వైపు పెట్టె అంచులు వచ్చేట్టు మధ్యలో పెట్టాలి. ఎదురెదురు మూలలు రెండు పెట్టె మీదికి మడిచి, మిగిలిన రెండింటినీ పైన ముడేయాలి. 90 సెంటీమీటర్ల గుడ్డలో 30 సెంటీమీటర్ల పెట్టె చక్కగా ఇముడుతుంది.

పైగా మనది గుడ్డ విలువ తెలిసిన నేల. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల రైతులు మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులను మేపుతారు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. ఒక్కో పట్టుగూటి నుంచి దాదాపు కిలోమీటరు దారం వస్తుంది. ఇంతమంది చేతుల కష్టంతో తయారైన చీరకు, నిమిషంలో చింపేసే కాగితం చుట్టడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని చుట్టడానికే కొత్త గుడ్డ కొనడం సరికాదు. పత్తి పండించడానికీ, రంగులద్దడానికీ బోలెడు నీళ్లు పోతాయి. ఒక్కసారి వాడి పడేస్తే గుడ్డవల్ల కూడా మేలు లేదు. అది చేతులు మారుతూ ఉండాలి. రవికె గుడ్డకు ఆ అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఒక పేరంటంలో వచ్చింది మరో పేరంటంలో బొట్టు పెట్టి ఇస్తూనే ఉన్నాం. కానుక చుట్టిన గుడ్డనూ అలాగే నడిపిద్దాం. ఇచ్చేటప్పుడే చెబుదాం: "లోపలిది మీకు వదినా. గుడ్డ మాత్రం, ఈసారి మీరిచ్చే కానుకకు."