నీళ్ళ తప్పు మన నెత్తిన ఎందుకు?

కొని రెండేళ్ళు తిరక్కుండానే మీ గీజర్ బుడబుడమని చప్పుడు చేస్తోందా? కుళాయిల మీద తెల్ల మచ్చలు ఎంత రుద్దినా పోవడం లేదా? ఆరు విజిల్స్ వచ్చినా కందిపప్పు పలుకుగానే ఉంటోందా? అయితే మీ ఇంటికొచ్చేవీ మా ఇంటికొచ్చేలాంటి గట్టి నీళ్ళే అన్నమాట!

నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. గోదావరి నీళ్ళలో సబ్బు ఇలా రాయగానే అలా నురగ వచ్చేది. పెళ్ళయ్యాక హైదరాబాదులో కాపురం పెట్టాక గానీ నీళ్ళలో ఇన్ని రకాలుంటాయని తెలిసిరాలేదు. ఈ ఊరికి 2004లో కృష్ణా నీళ్ళు, 2015లో గోదావరి నీళ్ళు వచ్చాయి. కానీ మా అపార్టుమెంటుకి ఆ నీళ్ళు తాగడానికే సరిపోతాయి. వంటకీ, స్నానాలకీ, బట్టలకీ బోరే గతి.

వాన నీరు భూమిలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు రాళ్ళలోని కాల్షియాన్నీ, మెగ్నీషియాన్నీ కరిగించుకుంటుంది. అవి ఎక్కువైతే గట్టి నీళ్ళు. కాచినప్పుడు ఆ వాయువు పోయి, కరిగిన కాల్షియం సున్నపు గారగా పేరుకుంటుంది. అందుకే బకెట్ కంటే ముందు గీజర్ పాడవుతుంది. కాయిల్ మీద గార కట్టిందంటే వేడి నీళ్ళకి సరిగా అందదు. కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కాయిలే కాలిపోతుంది. మా మొదటి గీజర్ విప్పినప్పుడు మెకానిక్ అందులోంచి దోసెడు తెల్ల పెచ్చులు తీసి చూపించాడు.

ఇది డబ్బు నష్టం ఒక్కటే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. మా కింది ఫ్లాటులోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిని వాళ్ళత్తగారు "పప్పు ఉడకెయ్యడం కూడా మీ అమ్మ నేర్పలేదా?" అన్నారట. ఆ పిల్ల మా ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కిందికి వెళ్ళి, "పిన్నిగారూ! ఈ పూటకి అదే పప్పు, అదే కుక్కరు, అన్నే విజిల్స్. నీళ్ళు మాత్రం ఆర్వో ఫిల్టరువి పోయించి చూడండి" అన్నాను. పప్పు వెన్నలా ఉడికింది. నీళ్ళలోని కాల్షియం పప్పు గింజని బిగిసిపోయేలా చేస్తుంది మరి. ఆవిడ ఏమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి వంటకి ఫిల్టరు నీళ్ళే పట్టిస్తున్నారు.

ఆలోచించండి. బట్టలు తెల్లగా రాకపోతే పనమ్మాయిని అంటాం. బాత్‌రూము మెరవకపోతే మనల్ని అంటారు. సబ్బు గట్టి నీళ్ళలో నురగ రాకుండా జిగటగా విరిగిపోయి బట్టకీ, గోడకీ అంటుకుంటుంది. అందులో ఎవరి తప్పుందండీ?

ముందు మీ నీళ్ళేమిటో తెలుసుకోండి. రెండు సీసాల్లో ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో సగానికి పోసి, చెరో చిటికెడు సబ్బు తురుము వేసి గిలకొట్టండి. కుళాయి నీళ్ళు నురగ రాకుండా పాలలా తెల్లబడితే గట్టివే. కచ్చితంగా కావాలంటే నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఇవ్వండి. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో ఈ గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు.

కెటిల్‌లో గార కడితే నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి కాచి, అరగంట ఉంచి, బాగా కడగండి. కుళాయిలకి వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి తుడిస్తే చాలు. కానీ పాలరాతి గట్టు మీద నిమ్మ ఉప్పూ, వెనిగరూ పడనివ్వకండి, రాయి మెరుపు పోతుంది. నిమ్మ ఉప్పు గానీ, యాసిడ్ గానీ బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

గీజర్ వేడి మరీ ఎక్కువ పెట్టకండి. ఏడాదికోసారి విప్పించి గార తీయించండి. లోపలుండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించండి. నూలు బట్టలు నానబెట్టే నీళ్ళలో కాస్త చాకలి సోడా వేస్తే సబ్బు ఆదా అవుతుంది, పట్టుచీరలకి మాత్రం వద్దు. పటిక వేస్తే నీళ్ళు తేరుకుంటాయే గానీ గట్టిదనం పోదు.

అపార్టుమెంటు మొత్తానికి నీళ్ళు మెత్తబరిచే యంత్రం పెట్టించుకోవచ్చు. కానీ అందులో కాల్షియం బదులు సోడియం చేరుతుంది. బీపీ ఉన్నవాళ్ళు తాగే నీళ్ళు వేరుగా పెట్టుకోవడం మంచిది.

ఈసారి మీ అసోసియేషన్ మీటింగుకి మగవాళ్ళని మాత్రమే పంపకండి. నీళ్ళ పరీక్ష కాగితం పట్టుకుని మీరే వెళ్ళండి. ఆ నీళ్ళతో రోజంతా పని చేసేది మనమే కదా!