చిలికాలో మా మామ విన్న డాల్ఫిన్

మా గిద్దలూరులో సముద్రం ఊసు తక్కువ. అటు నల్లమల, ఇటు మెట్టపొలాలు. మాకు పెద్ద నీళ్లంటే కంభం చెరువే. ఆ చెరువును నింపే గుండ్లకమ్మ చివరికి ఒంగోలు వైపు సముద్రంలో కలుస్తుందని బళ్లో చదువుకున్నాం కానీ, పనిగట్టుకుని అక్కడిదాకా వెళ్లి చూసినవాళ్లు మా వీధిలో లేరు. అలాంటి ఊరినుంచి, చూపులేని మేనమామను వెంటబెట్టుకుని డాల్ఫిన్ల కోసం ఒడిశా వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. "ఆయనకు చూపిచ్చేదానికి అంత దూరం పోవాల్నా?" అంది మా అత్త. చూపించడానికి కాదు అత్తా, వినిపించడానికి అన్నాను. ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది.

మామ రైల్వేలో కీమన్‌గా చేశాడు. దిగువమెట్ట వైపు పట్టాల వెంట రోజూ నడవడం, సుత్తితో కొట్టి బిగువు చూసుకోవడం ఆయన పని. బిగుతుగా ఉన్నదొక మోత, వదులైనదొక మోత. కంటితో చూసేలోపే చెవికి తెలిసిపోయేదట. నంద్యాల దారిలో, కొండల నడుమ బొగద ఉంది. మావైపు సొరంగాన్ని బోగదా అనే అంటారు, ఆ స్టేషనుకూ అదే పేరు. సొరంగం గోడలో మధ్యమధ్య గూళ్లుంటాయి, బండి వస్తే మనిషి ఒదిగి నిలబడటానికి. ఒకసారి లోపలుండగా చేతిలో దీపం ఆరిపోయింది. మామ చప్పట్లు కొట్టుకుంటూ నడిచాడు. గోడ ఉన్నచోట చప్పుడు తిరిగి మొహానికి తగిలింది, గూడు ఉన్నచోట కాస్త లోపలికి పోయి వచ్చింది. అట్లా గూడు పట్టుకుని నిలబడ్డాడు. "నెత్తిమీద గబ్బిలాలు పోతాండయ్ అల్లుడా, అంత చీకట్లో ఒక్కటంటే ఒక్కటి నాకు తగల్లా" అని ఇప్పటికీ చెబుతాడు.

రిటైరయ్యాక నీటికాసులు ఆయన చూపు తీసుకుపోయాయి. ఆ బొగద విద్యే అప్పుడు పనికొచ్చింది. నాలుకతో 'ట్లక్' మనిపిస్తూ, చిటికె వేస్తూ వీధి చివర టీ బంకుదాకా ఒక్కడే పోయి వచ్చేవాడు. ఆగి ఉన్న ఆటోను, కరెంటు స్తంభాన్ని, తెరిచిన తలుపును పోల్చేవాడు. ఏడాదిగా పోవడం మానేశాడు. అనంతపురం–గుంటూరు హైవే మీద లారీలు, హారన్లు, పెళ్లిళ్లకు డీజే బాక్సులు. "గోడ యాడుందో తెలీడంల్యా. చప్పుడులో చప్పుడు కలిసిపోతాంది" అన్నాడు. చూపు పోయిన రోజు కంటే ఆ మాట అన్న రోజే మామ ఎక్కువ దిగులుగా కనబడ్డాడు. ఆయన్ను ఇల్లు కదిలించాలి అనుకున్నాను. ఈ ప్రయాణం అక్కడ పుట్టింది.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మా ఊరి మీదుగానే భువనేశ్వర్ పోతుంది. రాత్రి ఎక్కి పడుకున్నాం. నేను నిద్రపోయాను, మామ పోలేదు. కృష్ణ మీద వంతెన రాగానే తట్టి లేపాడు. గోదావరి మీద అయితే వంతెన అయిపోయేదాకా కిటికీకి చెవి ఆనించి కూర్చున్నాడు.

విశాఖలో బండి ఆగినప్పుడు ఆయనకో కథ చెప్పాను. మనం వినబోయే డాల్ఫిన్ పేరు ఇరావడీ డాల్ఫిన్. బర్మాలోని ఐరావతి నది పేరు దానికి అతుక్కుపోయింది కానీ, శాస్త్రవేత్తలకు మొదట అందింది మన విశాఖపట్నంలోనే. 1852లో ఇక్కడి రేవులో దొరికిన ఒకదాని ఆధారంగా లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో దాన్ని వర్ణించాడు, 'పొట్టిమూతిది' అని పేరుపెట్టాడు. పంపింది ఎవరనుకున్నారు? అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ దొర. శిల్పాల మీద ఎంత మోజో, చేపలూ జంతువుల మీదా అంతే మోజు ఆయనకు. మామ అంతా విని, "అయితే మనోడి పేరు బర్మావాళ్లు కొట్టేసినారన్నమాట" అన్నాడు.

ఖుర్దా రోడ్‌లో దిగి, పూరీ చేరి, రాత్రికి అక్కడే ఉన్నాం. పూరీ ఒడ్డున పెంఠకటలో మత్స్యకారులు తెలుగువాళ్లే. సాయంత్రం వలలు సర్దుకుంటున్న ఒకాయన మా మాట విని "ఏవూరు బాబూ?" అన్నాడు. గిద్దలూరంటే తెలియలేదు. నల్లమల, శ్రీశైలం అన్నాక తలాడించాడు. డాల్ఫిన్లు కావాలంటే పెందలాడే వెళ్లండి, తర్వాత పడవల గోల అన్నాడు. అంతకంటే మంచి సలహా మాకు ఎక్కడా దొరకలేదు.

సాతపడా పూరీకి 50 కిలోమీటర్లు. అక్కడ చిలికా సరస్సు బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునే నీళ్లు, కానీ లోతు చూస్తే చాలాచోట్ల మనిషి నిలబడగలడు. తెల్లారకముందే పడవ మాట్లాడుకున్నాం. డీజిల్ మోటారు పడవ. అది మొదలవగానే మామ రెండు చెవులూ మూసుకున్నాడు.

దారిలో, మోటారు మోత మీదుగా అరుస్తూ, నాకు తెలిసింది చెప్పాను. డాల్ఫిన్ ముక్కు రంధ్రం కింద ఉండే పెదాల్లాంటి మడతల్లో గాలి నెట్టి 'టిక్ టిక్' మనిపిస్తుంది. నుదుట ఉండే కొవ్వుగడ్డ ఆ చప్పుడును టార్చిలైటు వెలుగులా ముందుకు పోగుచేస్తుంది. చేపకో, రాయికో తగిలి తిరిగొచ్చిన చప్పుడును కింది దవడ అందుకుని చెవికి చేరుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు. బొగదలో చప్పట్ల లెక్కే, నాలుగురెట్లు వేగంగా.

అన్నిచోట్లా ఒకేలా 'టిక్' మనదు, అదీ విశేషం. హవాయి దీవుల్లోని కనియోహే అఖాతంలో ఒక డాల్ఫిన్, ఏడున్నర సెంటీమీటర్ల ఇనుప గోళాన్ని 110 మీటర్ల దూరంనుంచి పసిగట్టింది. ఆ అఖాతంలో చిటపటలాడే రొయ్యల రొద ఎక్కువ. దాన్ని దాటడానికి అక్కడి డాల్ఫిన్లు గొంతు పెంచి, ఇంకా కీచుగా కొడతాయి. కాంక్రీటు తొట్టిలో పెట్టిన డాల్ఫిన్లయితే గొంతు తగ్గిస్తాయి, నాలుగు గోడలనుంచీ ప్రతిధ్వని మీదపడుతుంది కదా! మొదట్లో తొట్లలోనే కొలిచినవాళ్లు డాల్ఫిన్ శక్తిని తక్కువగా అంచనా వేశారు. నడిసంద్రంలో చేపలమంద ఎక్కడో దూరాన ఉంటుంది. గట్టిగా ఒక టిక్కు, జవాబు వచ్చేదాకా ఆగి, ఇంకొకటి.

మరి చిలికాలాంటి చోట? అడుగున బురద, పైన నీటి మట్టం, చుట్టూ గడ్డి, వలలు. గట్టిగా అరిస్తే అన్నీ ఒకేసారి జవాబిస్తాయి. 2013లో అచ్చయిన ఒక అధ్యయనం సుందరవనాల్లో ఇవే ఇరావడీ డాల్ఫిన్లను, గంగా డాల్ఫిన్లను విన్నది. సముద్రపు డాల్ఫిన్ల కంటే ఇవి నెమ్మదైన గొంతుతో, వెంటవెంటనే టిక్కులు కొడుతూ దగ్గరి మేరనే వెతుకుతున్నాయని తేల్చింది. గబ్బిలాలూ అంతే. ఖాళీ ఆకాశంలో ఎగిరేవి దూరం దూరంగా పిలుస్తాయి. చెట్ల మధ్యకు రాగానే కూతలు పొట్టివవుతాయి, జోరందుకుంటాయి.

"నేనూ అంతే కదరా" అన్నాడు మామ. "బయల్లో చప్పట్లు, ఇంట్లో చిటికె. ఇంట్లో చప్పట్లు కొడితే ఏం తెలీదు, గది గదంతా మోగుతాది."

ఇది నేనెక్కడా చదవలేదు.

పడవాయన వేలు చూపించాడు. మోటారు ఆపమన్నాను. మొదట ఒప్పుకోలేదు, ఆపితే వెంటపడలేం అన్నాడు. వెంటపడొద్దు, అందుకే ఆపమంటున్నాం అని సైగలతో, వచ్చీరాని హిందీతో చెప్పాను. ఆగింది. నీళ్లు పడవకు తగిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు, ఎడమవైపు ఎక్కడో, 'ఫుస్స్'మని ఒక ఊపిరి.

నేను తిరిగేసరికి బూడిదరంగు వీపు, చిన్న రెక్క మునిగిపోయాయి. ఇవి సినిమాల్లోలా గాల్లోకి ఎగరవు. గుండ్రటి తల, ముక్కు లేని మొహం, అంతా మొహమాటమే. కెమెరా పట్టుకుని నేను ప్రతిసారీ ఆలస్యమయ్యాను. మామ మాత్రం "ఇది ఇంకోటి, పిల్లది. ఊపిరి సన్నంగా ఉండాది" అన్నాడు. తల్లి పక్కనే చిన్నది లేచింది, నేనూ చూశాను. తర్వాతిది ఎక్కడ లేస్తుందో రెండుసార్లు ముందే చెప్పాడు. ఒకసారి తప్పాడు. ఆ తప్పుకు పడవాయన కూడా నవ్వాడు.

"టిక్కులు వినబడవే?" అని అడిగాడు. వాటి స్థాయి 95 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. నీళ్లలో మైకు పెట్టి, యంత్రంతో కిందికి దించితే తప్ప మనకు అందవని చెప్పాను. "అయితే ఇప్పుడు మనల్ని కూడా తడుముతాంటాయ్" అన్నాడు. తడుముతూ ఉండొచ్చు. పడవ అడుగు వాటికి పెద్ద గోడే.

చిలికాలో ఇవి మొత్తం దాదాపు 150. వలల్లో చిక్కుకుని, పడవల ప్రొపెల్లర్లు తగిలి చచ్చిపోయినవి ఉన్నాయి. నైలాను దారం సన్నం, దాన్నుంచి తిరిగొచ్చే చప్పుడూ సన్నమే. పావుగంటలో ఆ సంగతి కళ్లముందే కొంత అర్థమైంది. రెండు పర్యాటకుల పడవలు మా వైపు దూసుకొచ్చాయి, వాటి వెనక మూడోది. డాల్ఫిన్లు లేచిన చోటికల్లా మూడూ ఉరుకుతున్నాయి. జనం ఈలలు వేస్తున్నారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. మేమూ మోటారు పడవలోనే వచ్చాం. పడవాయన పిల్లల చదువులు ఆ పర్యాటకుల డబ్బుతోనే సాగుతున్నాయి. కానీ ఆ తర్వాత ఒక్క ఊపిరీ వినబడలేదు.

"పోయినాయా?" అన్నాడు మామ.

"కనబడటంలేదు."

"పోయినాయో, ఈ మోతలో మనకు తెలీడంలేదో." కాసేపాగి, "వాటిక్కూడా తెలీడంలేదేమో" అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే మాట. తెల్లవారుజామున మొదటి పడవ ఎక్కండి. బేరమాడేటప్పుడే మోటారు అరగంట ఆపాలని చెప్పి, దానికి నాలుగు డబ్బులు ఎక్కువివ్వండి. కెమెరా సంచిలోనే ఉంచినా నష్టం లేదు.

గిద్దలూరుకు తిరిగొచ్చిన నాలుగో రోజు, పొద్దున ఐదింటికి వాకిలి తలుపు చప్పుడుకు అత్త లేచింది. మామ చొక్కా వేసుకుని బయల్దేరుతున్నాడు. లారీలు పలచగా ఉండే వేళట. టీ బంకు అప్పుడే తెరుస్తాడట. నేను వెనకే వెళ్లాను, పిలవకుండా. వీధి మలుపు దగ్గర ఆగి, చిటికె కాదు, రెండు చప్పట్లు కొట్టి, కాసేపు నిలబడి, కుడివైపు తిరిగాడు.