సామర్లకోటలో అయిదు రోజుల అన్నం

సామర్లకోట మన పాఠకులలో చాలామందికి రైలు కిటికీలోంచి మాత్రమే పరిచయం. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో రాజమహేంద్రవరం దాటిన గంట లోపే వచ్చే జంక్షన్ అది. కాకినాడకు వెళ్ళే శాఖా మార్గం ఇక్కడే విడిపోతుంది. సామాను దించుకుని, రైలు మారి, టీ తాగి వెళ్ళిపోయేవారే గాని ఊరిలోకి అడుగుపెట్టేవారు తక్కువ. అయితే ఇటీవలి సంవత్సరాలలో మన కుటుంబాల పిల్లలు ఇక్కడ గదులు తీసుకుని ఉండటం చూస్తున్నాము. కాకినాడ జె.ఎన్.టి.యు.లో సీటు వచ్చినవారు, అక్కడి ప్రభుత్వాసుపత్రిలో తమవారిని చేర్చినవారు, ఇక్కడి మిల్లుల్లో పని దొరికినవారు అద్దె కలిసి వస్తుందని 15 కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతున్నారు. అటువంటి బిడ్డ ఉన్న ప్రతి తల్లీ మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: “అక్కడ తిండి దొరుకుతుందా, హజ్రత్?”

ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి నాలుకది, రెండవది ధర్మానిది. కువైట్‌లోనో దుబాయిలోనో పనిచేసే మన సోదరులకు రెండవది అంతగా ఎదురు కాదు. అక్కడ వారు వెతికేది గోంగూరను, చింతచిగురును, మన మిరపకాయ కారాన్ని. ఊరికి దూరంగా ఉన్న కార్మికుల బస్తీలో ఎవరో ఒక తెలుగువాడు తెరిచిన చిన్న హోటలు కోసం సెలవు రోజున బస్సు ఎక్కి వెళతారు. సామర్లకోటలో ఈ లెక్క తిరగబడుతుంది. రుచి వీధి వీధినా ఉన్నది. అడిగి తెలుసుకోవలసింది హలాల్‌ను. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి తూర్పు గోదావరి జిల్లాలో ముస్లిములు నూటికి ఇద్దరైనా లేరు. 2022లో ఏర్పడిన నేటి కాకినాడ జిల్లా ఆ పాత జిల్లాలోని భాగమే. మన ఇళ్ళు ఇంత పలుచగా ఉన్నచోట అడగటం తప్పదు. అడిగే తీరు తెలిసి ఉండటమూ అవసరమే.

మేము అక్కడికి వెళ్ళింది గత కార్తీకంలో. మా వద్ద నాలుగేళ్ళు చదివి, తరువాత డిగ్రీ పూర్తి చేసి, ఇక్కడ ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తున్న అబ్బాయి ఒకడున్నాడు. నాలుగు నెలలుగా అతడు ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు, అరటిపండ్లతోనే కాలం గడుపుతున్నాడని వాళ్ళ అమ్మ ఫోనులో ఏడ్చింది. “మీరు చెబితే వింటాడు” అన్నది. మదరసా సెలవుల్లో అయిదు రోజులు వెళ్ళి ఉన్నాము. పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే ఉద్దేశంతో వెళ్ళాము గనుక హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మేము అక్కడ ముసాఫిర్‌లమే. గదిలో చదివిన జొహర్, అసర్, ఇషా రెండేసి రకాతులు, మసీదులో స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగు. మా అబ్బాయి మాత్రం అక్కడ స్థిరపడినవాడు. అతనికి ఆ సడలింపు లేదు. తిండిలో మాత్రం తన కోసం తానే లేని కఠినత్వాన్ని సృష్టించుకున్నాడు.

అతని వాదన ఇది. ముస్లిమేతరుల హోటలులో పప్పన్నమైనా సరే, ఆ గిన్నెలలో ఏమేమి వండి ఉంటారో తెలియదు గనుక అసలు తినకూడదు. ఎవరిదో ప్రసంగం ఫోనులో విన్నాడట. మేము అతనికి రెండు వృత్తాంతాలు గుర్తు చేశాము. ఒక ప్రయాణంలో నీళ్ళు అయిపోయినప్పుడు దైవప్రవక్త (స) వారి బృందం ఒక బహుదైవారాధకురాలి తోలుతిత్తుల నుండి నీళ్ళు తీసుకున్న సంగతి సహీహ్ బుఖారీలో ఉన్నది. గ్రంథ ప్రజల మధ్య నివసిస్తున్న అబూ సఅలబా (రజి) వారి పాత్రల గురించి అడిగినప్పుడు లభించిన జవాబు సారాంశం కూడా అందరికీ తెలిసినదే: వేరే పాత్రలు దొరికితే వాటిలో తినాలి, దొరకకపోతే కడిగి వాడుకోవాలి. కడిగితే పోయే దోషానికి కడుపు మాడ్చుకోమని ధర్మం ఎక్కడా చెప్పలేదు. అన్నం, పప్పు, కూరగాయలు, పాలు, పెరుగు వండిన చేతిని బట్టి నిషిద్ధం కావు. మాంసం సంగతి వేరు. దాని దగ్గరికి తరువాత వస్తాము.

అసలు ఇది అన్నానికి కరువున్న నేలే కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువల్లో ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు. ఆ సామర్లకోట కాలువ గట్టు మీద ఉదయం నడిస్తే ఒకవైపు నీరు, మరోవైపు కోతకు దగ్గరపడిన వరి. పూర్వం ఈ కాలువలే రహదారులు. బియ్యం పడవల మీద కాకినాడ రేవుకు చేరేది. 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరిచాక పడవల పని రైలుకు మారింది. వడ్లను బియ్యం చేసే మిల్లులు మాత్రం ఊరి చుట్టూ ఇంకా ఆడుతూనే ఉన్నాయి. మా అబ్బాయి గది ముందు రోజంతా తవుడు వాసన. అటువంటి చోట కూర్చుని బ్రెడ్డు తినటం మాకు వింతగా తోచింది.

మొదటి రోజు ఉదయం అతన్ని వెంటబెట్టుకుని స్టేషను వైపు టిఫిన్ బండి దగ్గరికి వెళ్ళాము. పెసరట్టు, అందులో ఉప్మా, పైన అల్లం పచ్చడి. మరునాడు మరో చోట మినపరొట్టె. ఇనుప మూకుడులో నూనె వేసి, పిండి మందంగా పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చేది. పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. గోదావరి వాళ్ళు దానిని తేనెపాకంతోనో కొబ్బరి పచ్చడితోనో తింటారు. మా అబ్బాయి మూడు ముక్కలు తిన్నాడు. మేము లెక్కపెట్టలేదు, బండి అతను లెక్కపెట్టి డబ్బు తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి కర్రీ పాయింట్లు ఉన్నాయి. కుక్కరులో అన్నం వండుకుని, పప్పు ఒక కవరు, వేపుడు ఒక కవరు తెచ్చుకుంటే ఒంటరివాళ్ళకు రోజు గడిచిపోతుంది. అయినా ఉప్పూ నూనే ఎక్కువ. రోజూ తినదగినది కాదని మా అభిప్రాయం. మాకు నచ్చినది మిల్లుకు రెండు వీధుల అవతల భార్యాభర్తలు తమ ఇంటి వసారాలో నడిపే మెస్సు. నాలుగు బల్లలు, అరిటాకులు. పనసపొట్టుకు ఆవ పెట్టిన కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు. పనసపొట్టు కూర తినని మన ఇంటివారికి ఒక్కమాట: మాంసం లేని రోజున దానికి మించిన తోడు అన్నానికి మేమింతవరకు చూడలేదు. ఆవ ఘాటు ముక్కుకు ఎక్కుతుంది, అంతలోనే దిగిపోతుంది.

అది కార్తీకం కావటం మాకు కలిసి వచ్చింది. ఊరిలోని భీమేశ్వరాలయం చాళుక్య భీముని కాలం నాటిదిగా ప్రసిద్ధమైన కట్టడం, పంచారామాలలో ఒకటి. ఆ నెలంతా యాత్రికుల బస్సులు వస్తూనే ఉంటాయి. చాలా హిందూ గృహాలు నెల పొడవునా నీచు ముట్టవు. ఆ మెస్సులోనూ నెల రోజులు పొయ్యి మీద మాంసం, చేప ఎక్కలేదు. మా అబ్బాయి సందేహం నెలకు తీరింది. ఆ తరువాత?

దానిని ఆ ఇంటి ఆమెనే అడిగాము. కార్తీకం వెళ్ళాక కోడి ఎక్కడ కొంటారమ్మా అని. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. “ఆయ్, నాకు తెలీదండీ, మా వారు తెస్తారు. కనుక్కుని చెబుతాను” అన్నది. భర్త వచ్చి కాలువ దగ్గరి దుకాణం పేరు చెప్పాడు. వెళ్ళి చూశాము. కోసేవాడు మన కుర్రాడే. అల్లాహ్ పేరు పలికి కోస్తున్నాడు. శ్వాసనాళం, అన్ననాళం, రెండు రక్తనాళాలు, ఈ నాలుగింటిలో కనీసం మూడు తెగాలన్నది హనఫీ నియమం. అతని చేతిలో నాలుగూ తెగుతున్నాయి. కోడి పూర్తిగా కదలిక ఆగాకే వేడినీటిలో వేస్తున్నాడా అని కాసేపు నిలబడి గమనించాము. రద్దీ వేళల్లో ఆ తొందర చాలా దుకాణాలలో జరుగుతుంది. ఇక్కడ జరగలేదు. ఆ దుకాణం యజమాని హిందువు. ఆ కుర్రాడిని పనిలో పెట్టుకున్నదే మనవాళ్ళూ కొనుక్కోవాలని.

పోల్చి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఊరి వెలుపలి రోడ్డు మీద ఒక పెద్ద బిర్యానీ హోటలు. గుమ్మం పైన అరబ్బీ అక్షరాలలో హలాల్ అని పచ్చ దీపాల పలక. మాంసం ఎవరు కోస్తారని అడిగాము. “బోర్డు ఉంది కదండీ” అన్నారు. ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే కవర్లలో వస్తుంది, ఫ్రిజ్‌లో ఉంటుంది, అంతకు మించి మాకు తెలియదన్నారు. టీ తాగి లేచి వచ్చాము. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చే మాంసం గురించి హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసును ఆధారం చేసుకుని, ముస్లిము అమ్మే మాంసాన్ని కారణం లేకుండా శంకించవద్దని ఉలమాలు చెబుతారు. అది నిజమే. అయితే అక్కడ ముస్లిము ఒకడున్నాడు. ఇక్కడ పలక తప్ప జవాబు చెప్పే మనిషి లేడు. మాకు ఆ వసారా మెస్సులోని “కనుక్కుని చెబుతాను” అన్న మాటే ఎక్కువ భరోసా ఇచ్చింది.

చేపల విషయం సులువు. చేపకు జబహ్ అవసరం లేదు. ఎవరు పట్టినా, ఎవరు వండినా ధర్మసమ్మతమే. ఒక్క షరతు, చెరువులో దానంతటదే చచ్చి వెల్లకిలా తేలిన చేపను హనఫీలు తినరు. చెరువుల చేప ఎక్కువగా వచ్చే ఈ ప్రాంతపు సంతలో ఆ మాట అడిగి తీసుకోవటం మంచిది. పీత మనకు లేదు. రొయ్యను చేపగా ఎంచి అనుమతించినవారూ ఉన్నారు, వద్దన్నవారూ ఉన్నారు. ఎవరి ఇంటివారు ఎవరిని అనుసరిస్తారో వారినే అనుసరించాలి. ఎదుటివాడి ఆకులో రొయ్యను చూసి ముఖం చిట్లించనక్కర లేదు. ఇక పులస సంగతి. వానాకాలపు వరదకు సముద్రం నుండి గోదావరికి ఎదురీదే ఆ చేప మేము వెళ్ళిన రోజుల్లో దొరకదు. దొరికినా మదరసా ఉపాధ్యాయుని జేబుకు అందదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న ఇక్కడి సామెతను మా ఇంట్లో చెప్పే ధైర్యం మాకు లేదు.

ఒక పూట కాకినాడ వెళ్ళి సుబ్బయ్య గారి హోటలులో శాకాహార భోజనం చేశాము. అక్కడ వడ్డించేవారు చాలన్నా వినరు. వచ్చేటప్పుడు కోటయ్య కాజాలు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి మసీదులో పిల్లలకు పంచాము. అసర్ తరువాత ఇమాము సాబ్ ఒక సమాచారం చెప్పారు. మసీదు వెనుక సందులో ఒక వృద్ధురాలు, మన ఖాలా, అడిగినవారికి క్యారేజీ కట్టి పంపుతుందట. శుక్రవారం బగారా అన్నం, సొరకాయ దాల్చా. అంత దగ్గరలో నాలుగు నెలలుగా దాల్చా ఉడుకుతున్నా మా అబ్బాయికి తెలియలేదు. జుమా కాగానే తలవంచుకుని గదికి పోయేవాడు, ఎవరినీ పలకరించేవాడు కాదు. ఆ శుక్రవారం క్యారేజీ తెప్పించాము. చింతపండు పులుపు మన ఇళ్ళలో కంటే కాస్త ఎక్కువే. గోదావరి నీళ్ళు తాగినచోట ఖట్టా కూడా వారి పక్షమే వహిస్తుంది కాబోలు.

నాలుగవ రోజు మెస్సులో ఆమె ఆకుల్లో పులిహోర వడ్డించింది. ఆ ఉదయమే ఆమె గుడికి వెళ్ళి రావటం మా అబ్బాయి చూశాడు. అతని చేయి ఆకు మీదే ఆగిపోయింది. దేవునికి నివేదించినది మనం తినము. ఆ మాట ఆమె మనసు నొప్పించకుండా ఎలా అనాలో అతనికి తోచలేదు. మేము నోరు తెరిచే లోపే ఆమె అన్నది: “ఇది ఇంట్లో కలిపిందేనండీ సాయిబు గారూ. గుడిది వేరే డబ్బాలో ఉంది, మీకు పెట్టను లెండి.” ఇరవై ఏళ్ళ క్రితం వారి పొరుగున మన కుటుంబం ఒకటి ఉండేదట. ఆ ఇంటి పిల్లలు ఈమె వాకిట్లోనే పెరిగారు. ఏది పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో ఆ పిల్లలే నేర్పారు. మా అబ్బాయి రెండవసారి అడిగి వేయించుకున్నాడు.

బయలుదేరే ముందు నెల డబ్బులు కట్టించాము. శుక్రవారం ఖాలా క్యారేజీ, మిగతా రోజులు ఈ మెస్సు. డబ్బు లెక్కపెట్టి కొంగున ముడివేసుకుంటూ ఆమె అడిగింది, మీ ఉపవాసాలు ఎప్పుడు వస్తాయండీ అని. ఈసారి శివరాత్రి దాటిన మూడు నాలుగు రోజులకు, నెలవంక కనబడ్డాక అన్నాము. ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకున్నది. తెల్లవారుజామున ఎన్నింటికి తినాలని అడిగితే, అయిదు కొట్టేలోగా ముగించాలని అబ్బాయి చెప్పాడు.

“అయితే నాలుగింటికి పొయ్యి వెలిగిస్తాను బాబూ. కార్తీకమంతా ఆ వేళకే కదా లేచేది, నాకేం కొత్త కాదు. నువ్వు తలుపు కొట్టకు, మా వారు నిద్రపోతుంటారు. కిటికీ దగ్గరికి వచ్చి పిలువు.”