మా అమ్మాయి పోసిన దిమ్మలు

మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆడపిల్లకి సివిల్ ఏమిటని చుట్టాలు చాలామందే అన్నారు. అది మాత్రం ల్యాబ్ ఉన్న రోజు బట్టల నిండా సిమెంటుతో హుషారుగా ఇంటికొస్తుంది. సీనియర్ల రికార్డు చూసి రాస్తే వాళ్ళ సారు ఒప్పుకోరు. ఎవరి కాంక్రీటు వాళ్ళే కలుపుకోవాలి.

పోయిన వేసవిలో మేం మేడ మీద గదులు మొదలుపెట్టాం. ముందు ప్రహరీ గోడకి బెల్టు వేస్తుంటే మేస్త్రీ పైపుతో మాలులోకి నీళ్ళు వదిలాడు.

"నీళ్ళు ఎక్కువయ్యాయి బాబాయ్" అంది మా అమ్మాయి.

"పల్చగా లేకపోతే కడ్డీల మధ్యకి దిగదు పాపా. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నా" అన్నాడు. మావారు కూడా "నువ్వూరుకోవే" అన్నారు.

అది వాదించలేదు. సారుని అడిగి అచ్చులు తెచ్చింది. ఎటు చూసినా 150 మిల్లీమీటర్లు. మేస్త్రీ మాలుతో మూడు దిమ్మలు, అవే పాళ్ళలో నీళ్ళు మాత్రం కొలిచి కలిపిన మాలుతో మూడు పోసింది. మర్నాడు అచ్చులు విప్పి నీళ్ళ డ్రమ్ములో వేసింది.

28వ రోజున మేస్త్రీతో సహా మమ్మల్నందరినీ ల్యాబుకి తీసుకెళ్ళింది. ఇంటి స్లాబుకి వాడే ఎం20 కాంక్రీటైతే ఒక్కో దిమ్మ 450 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 46 టన్నుల బరువు ఆపాలట! కొలిచి పోసినవి మూడూ అది దాటాకే విరిగాయి. నడుమ సన్నబడి ఢమరుకంలా మిగిలాయి. మేస్త్రీవి మూడూ ముందే పగిలిపోయాయి. ఎక్కువైన నీళ్ళు ఆరిపోయిన చోట సన్నటి ఖాళీలు మిగులుతాయని, బలం తగ్గేది అందుకేనని చెప్పింది.

మేస్త్రీ ముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "మరి కడ్డీల మధ్యకి దిగేదెట్టా పాపా?" అన్నాడు.

"వైబ్రేటర్ పెడదాం బాబాయ్."

స్లాబు రోజు అతనే కొలత బకెట్టు తెచ్చుకున్నాడు. వైబ్రేటర్ అద్దె డబ్బులు మావారు మాట్లాడకుండా ఇచ్చారు. మా అమ్మాయి మిల్లరు పక్కనే సాయంత్రం దాకా నిలబడింది. మర్నాటి నుంచి స్లాబు మీద నీళ్ళు కట్టే పని నాకు పడింది.

పిల్లల్ని కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజులూ హాస్టలూ ఎలాగూ అడుగుతాం కదా. ల్యాబులో పిల్లల చేత చేయిస్తారా అని కూడా ఒక్కమాట అడగండి.