పెద్ద దోమ దోమే కాదు

వాన పడిన రెండు మూడు రోజులకు మన హాస్టల్ ట్యూబులైటు చుట్టూ పొడుగు కాళ్ళ పురుగు ఒకటి తిరుగుతుంది. మనమంతా దాన్ని "పెద్ద దోమ" అంటాము. చెప్పు తీసుకుని వెంటపడతాము. దాని గురించి ఈసారి మన గోడ పత్రికలో రాస్తున్నాను.

అది దోమ కాదు. ఇంగ్లీషులో దాని పేరు క్రేన్ ఫ్లై. క్రేన్ అంటే కొంగ. కొంగ మాదిరి కాళ్ళు ఉన్నాయని ఆ పేరు వచ్చింది. ప్రపంచంలో ఇవి 15,000 రకాలకు పైగా ఉన్నాయి. ఇవీ, దోమలూ, ఈగలూ అన్నీ రెండు రెక్కల పురుగులే. చుట్టాలే గానీ గుణాలు వేరు.

గుర్తు పట్టేది ఎట్లా? మొదట మూతి చూడండి. దోమకు ముందుకు పొడుచుకొచ్చిన సూది ఉంటుంది. దీనికి ఆ సూది లేదు. కాబట్టి కుట్టలేదు, రక్తం తాగలేదు. తరువాత రెక్కలు చూడండి. దోమ వాలినప్పుడు రెక్కలు వీపు మీద ముడుచుకుంటుంది. వీటిలో చాలా రకాలు రెక్కలు పక్కలకు చాపుకుంటాయి. కాళ్ళు ముట్టుకుంటే చాలు ఊడిపోతాయి. దీని పిల్లపురుగులు చాలావరకు తడి మట్టిలో, కుళ్ళిన ఆకుల కింద పెరుగుతాయి. ఆకును తిని ఎరువు చేస్తాయి.

పోయిన వారం 5వ తరగతి తమ్ముని దుప్పటి మీద ఇది వాలింది. పోయిన ఏడు వాళ్ళ తాండాలో వాని అక్కకు మలేరియా వచ్చిందంట. "ఇంత పెద్ద దోమ కుడితే ఎంత జరమొస్తాదో అన్నా" అని ఏడ్చినాడు. నేను దాన్ని గాజు సీసాలో పట్టి, "సూది యాడుందో చూడరా" అన్నాను. వాడు చాలాసేపు చూసి నవ్వినాడు. అప్పుడే వాని కాలి మీద ఒక చిన్న దోమ కూర్చుని రక్తం తాగుతా ఉంది!

మలేరియా తెచ్చేది ఆ చిన్నదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది అనాఫిలిస్ దోమ కడుపులోనే. అది తోక పైకెత్తి, ఏటవాలుగా కూర్చుంటుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు కాళ్ళ మీద తెల్ల పట్టీలు ఉంటాయి, పగలే కుడుతుంది.

మన అనంతపురం కరువు సీమ కదా, దోమలు యాడివి అని అనుకోవద్దు. నీళ్ళు కరువు కాబట్టే డ్రమ్ముల్లో, తొట్లలో దాచిపెట్టుకుంటాము. మూత లేని తొట్టే దోమకు చెరువు. ఎండ కాలంలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే పెట్టినారు. నీళ్ళు పారబోస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఎండలో కూడా నెలల తరబడి బతుకుతాయి. గోడలు గట్టిగా రుద్ది కడగాల.

వార్డెన్ సార్‌కు మనవి: మన నీళ్ళ తొట్టికి మూత పెట్టించండి. ప్రతి శుక్రవారం రుద్దడానికి మా తరగతి వాళ్ళము సిద్ధంగా ఉన్నాము. ఖాళీ చేసే నీళ్ళు వేపచెట్లకు పోస్తాము. మిత్రులారా, మీరు చెప్పు తీసే ముందు ఒక్కసారి మూతి చూడండి. సూది లేకుంటే దాన్ని కిటికీ బయటికి పంపించండి.