వెనక చక్రం నేర్పిన పాఠం

సైకిలు బాగోగులు మగవాళ్ళు చూసుకునేవని నేనూ అనుకునేదాన్ని, మొన్నటి వానాకాలం దాకా.

మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాలేజీకి కాలువగట్టు మీద 6 కిలోమీటర్లు. గేర్లు లేని మామూలు లేడీస్ సైకిలు. ఒకరోజు దీపాలు పెట్టే వేళ దాటినా పిల్ల రాలేదు. గుమ్మంలో నిలబడి దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఏడున్నరకి, వెనక చక్రం పైకెత్తి పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. దారిలో చక్రం బిగుసుకుపోయిందట.

"ఇక కాలేజీ వద్దు, ఇంట్లో చదివి పరీక్షలు రాస్తుందిలే" అన్నారు మావారు. పిల్ల అన్నం తినకుండానే పడుకుంది.

మర్నాడు సైకిలు ఆటోలో వేసుకుని నేనే షాపుకి వెళ్ళాను. అక్కడి ముసలాయన చక్రం విప్పి చూపించాడు. "నీళ్ళూ మట్టీ పోయి బాల్సు నలిగిపోయాయమ్మా. బాల్సు, కోన్లు అయితే మార్చేవాణ్ణి. కప్పులు కూడా తినేశాయి. అవి హబ్బులోనే ఉంటాయి కాబట్టి హబ్బే మార్చాలి" అన్నాడు.

ఏడాది కిందటే చౌకలో వస్తోందని ఒక హబ్బు వేయించాం! మంచిదానికీ దీనికీ తేడా ఒక నూనె ప్యాకెట్టు ధరంత. హబ్బు ఏదైనా, పుల్లలన్నీ విప్పి మళ్ళీ అల్లే కూలి మాత్రం ఒకటే. ఆ కూలి రెండుసార్లు కట్టాం.

ఈసారి ఆయన్ని అడిగి అన్నీ తెలుసుకున్నాను. రిమ్ముకి 36 బెజ్జాలుంటే హబ్బుకీ 36 ఉండాలి. పుల్లలు దూర్చే రెండు పళ్ళేలూ మధ్య గొట్టానికి గట్టిగా అతుక్కుని ఉండాలి, ఊగకూడదు. ఇరుసుని వేళ్ళతో తిప్పితే గరగరలాడకుండా మెత్తగా తిరగాలి. ఫ్రీవీలు మరల మీద చేత్తోనే సాఫీగా ఎక్కాలి.

సీలు బేరింగులున్న హబ్బూ చూపించాడు. దాన్లోకి నీళ్ళు అంత తొందరగా పోవు. కానీ బేరింగు పోతే మార్చే పనిముట్లు మా ఊళ్ళో లేవు. అందుకే బాల్సు, కోన్లు ఎక్కడైనా దొరికే బరువైన స్టీలు హబ్బే తీసుకున్నాను. మా వెనక చక్రానికి పక్కకి 9 చొప్పున పావంగుళం బాల్సు పడ్డాయి.

ఆరు నెలలకోసారి, వానాకాలం అయ్యాక తప్పకుండా, విప్పించి కిరసనాయిలుతో కడిగించి కొత్త గ్రీజు పెట్టించమన్నాడు. చక్రం పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడలాడిందా, కోన్లు సరిచేయించాలి. అలాగే వదిలేస్తే కప్పుల దాకా వస్తుంది.

ఆదివారం మావారు చక్రం తిప్పి చూశారు. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఆయనేమీ అనలేదు. సోమవారం పిల్ల కాలేజీకి వెళ్ళింది.

కుట్టుమిషనుకి నూనె వేయడం మనం మర్చిపోం కదా! ఆడపిల్ల చదువుని మోసే చక్రాన్ని కూడా ఓ కంట కనిపెట్టి ఉండండి.